లీచెట్‌ను మళ్లీ చెత్తలోకి పంపడం: ఒక సెల్ ప్రాజెక్టు డైరీ

డిసెంబరు: ముందు లెక్క

తెలంగాణలో ఓ మధ్యతరహా పట్టణం, దాని శివార్లలో డంపింగ్ యార్డు. యార్డు పక్కన నియమాల ప్రకారం కట్టిన ఒక సెల్, అంటే చెత్తను పొరలుగా నింపి పూడ్చే గుంట, ఉంది. విస్తీర్ణం రెండు హెక్టార్లు. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు, ఆపైన కంకర పొర, కంకరలో చిల్లుల పైపులు, అవన్నీ వచ్చి కలిసే సంపు. చెత్తలోంచి దిగే నల్లనీటిని, అంటే లీచెట్‌ను, సంపు నుంచి పక్కనున్న కుంటలోకి తోడతారు. ప్రతి వర్షాకాలం ఆ కుంట అంచుదాకా నిండుతుంది. అప్పుడు ట్యాంకర్లు తిరగడం మొదలవుతుంది. ఆ బిల్లులు చూసి కమిషనర్ గారు తల పట్టుకుంటారు.

నాకు అప్పగించిన పని ఇది: లీచెట్‌ను తిరిగి చెత్తలోకే పంపి, కుంట మీద భారం తగ్గించాలి.

పైపు ఎక్కడ వేయాలన్నది తర్వాతి మాట. ముందు చెత్తను పరీక్షించాం. కొత్తగా వచ్చిన టిప్పర్ల నుంచి నమూనాలు తీసి, ఓవెన్‌లో ఆరబెట్టి తూచితే బరువులో దాదాపు సగం నీరే. కూరగాయల తుక్కు, మిగిలిన అన్నం, పండ్ల తొక్కలు, వాడిన పూలదండలు నిండిన చెత్త మరి ఎలా ఉంటుంది! లీచెట్‌ను తిప్పే ఆలోచన ఎదిగిన చోట పరిస్థితి వేరు. 1970లలో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు ఫ్రెడరిక్ పోలండ్, చెత్త నింపిన పెద్ద గొట్టాల్లో లీచెట్‌ను మళ్లీ మళ్లీ పోసి చూశారు. చెత్త త్వరగా కుళ్లి స్థిరపడుతుందని, బయటికి వచ్చే ద్రవంలో సేంద్రియ భారం బాగా తగ్గుతుందని తేలింది. అమెరికా చెత్తలో కాగితం, అట్టపెట్టెలు ఎక్కువ, తేమ పాతిక శాతం దరిదాపు. కుళ్లడానికి సరిపడా తడి లేని చెత్తకు తడి అందించడం అక్కడి అసలు ఉద్దేశం. మన చెత్త తడిసే వస్తుంది. ఇది ఇంకా ఎంత నీటిని పట్టుకోగలదన్నదే మన ముందున్న ప్రశ్న. కిందికి కారిపోనివ్వకుండా చెత్త నిలుపుకోగలిగిన తేమకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటాక పైన పోసినదంతా నడుముకు నొప్పి తప్ప మరేమీ మిగల్చకుండా కింది సంపులోకి తిరిగొస్తుంది.

ఆశ పూర్తిగా వదులుకోనక్కర్లేదు. సెల్‌లో పాత చెత్త, కొన్ని ఎండలు చూసిన చెత్త, చాలానే ఉంది. లక్ష టన్నుల చెత్త ఒక్క శాతం అదనపు తేమ పట్టుకున్నా వెయ్యి ఘనపు మీటర్లు సర్దుకున్నట్టే.

రెండో లెక్క వాన గురించి. హెక్టారు నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే పది ఘనపు మీటర్లు. మన రెండు హెక్టార్ల మీద ఒక్క రాత్రిలో 50 మిల్లీమీటర్లు కురిస్తే పది లక్షల లీటర్లు. వేసవి అంతా కష్టపడి చెత్తకు తాగించిన నీటిని ఒక్క ముసురు తిరిగి ఇచ్చేస్తుంది. డైరీ మొదటి పేజీలో అందుకే ఇలా రాసుకున్నాను: ఎండల్లో తిప్పాలి, వానల్లో ఆపాలి, అన్నిటికన్నా ముందు వాననీటిని దూరంగా ఉంచాలి.

జనవరి: కప్పులు, కాలువలు

కమిషనర్ గారికి ఈ నెల పని నచ్చలేదు. "తిప్పమంటే కప్పుతున్నారేమిటి?" అన్నారు. చెత్త వేయడం పూర్తయిన భాగానికి మట్టి పరిచి, దాని మీద మందపాటి షీటు కప్పించాం. వానాకాలానికి ముందు 40 నుంచి 65 సెంటీమీటర్ల మట్టి కప్పాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఎలాగూ చెప్పాయి. షీటు మీద పడ్డ వాన చెత్తను తాకకుండా అంచు కాలువలోకి, అక్కడి నుంచి బయటి వాగులోకి పోతుంది. సగం సెల్ కప్పితే ఆ సగం మీద పడే వాన లీచెట్ కాదు, వట్టి వాననీరే. ఇంతకన్నా చవకైన లీచెట్ శుద్ధి నాకు తెలియదు.

షీటు ఎగిరిపోకుండా పాత టైర్లు పెట్టాం. దోమలు చేరతాయని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) మేడమ్ అభ్యంతరం చెప్పారు, సరైన అభ్యంతరమే. టైర్ల బదులు ఇసుక బస్తాలు వచ్చాయి.

ఫిబ్రవరి: చెత్తలో కందకాలు

పద్ధతి ఎంచుకోవడానికి ఎక్కువ చర్చ జరగలేదు. స్ప్రింక్లర్లతో పైన చల్లడం అన్నిటికన్నా తేలిక, ఆవిరి కూడా ఎక్కువ. కానీ ఆ తుంపర్లు గాలికి ఎగిరి పనివాళ్ల ముఖాల మీద, పక్క ఊరి మీద పడతాయి. అర కిలోమీటరు దూరంలో ఇళ్లున్నాయి. వాళ్లు యార్డు గేటుకు తాళం వేయడానికి ఒక సాయంత్రం చాలు. నిలువు బావులు తవ్వితే నీరు బావి చుట్టూనే దిగుతుంది, పైగా అడుగు షీటుకు దగ్గరగా వెళ్లడం నాకిష్టం లేదు. అడ్డ కందకాలే ఖాయం చేశాం. మీటరు వెడల్పు, మీటరున్నర లోతు, 60 మీటర్ల పొడవు ఉండే కందకాలు నాలుగు. రెండింటి మధ్య 20 మీటర్ల ఎడం. వాలు అంచు నుంచి 15 మీటర్లు లోపలే ఉండాలన్నది మాత్రం బేరమాడలేని షరతు. దగ్గరగా వేస్తే నీరు అడుగుకు పోకుండా పక్క వాలులోంచి బయటికి ఊరుతుంది.

పొక్లెయిన్ మొదటి బకెట్టు ఎత్తగానే వేడి ఆవిరి లేచింది. బకెట్టులో వచ్చినదాన్ని చూస్తే పుస్తకాల్లో చదివిన చెత్తకు, మన చెత్తకు తేడా తెలుస్తుంది. చీర ముక్కలు, కొబ్బరి బోండాలు, ఇంటి కూల్చివేతలోంచి వచ్చిన ఇటుకలు, అన్నిటికన్నా ఎక్కువగా ముడివేసిన క్యారీబ్యాగులు. ఒక ముడి విప్పితే లోపల వంకాయ తొడిమలు ఇంకా తొడిమల్లాగే ఉన్నాయి. ఇంకోదాంట్లో తెలుగు దినపత్రిక, తేదీతో సహా చదవొచ్చు. తాటాకు కప్పు మీద వాన జారినట్టు నీరు ఈ కవర్ల మీది నుంచి పక్కకు జారిపోతుంది, లోపలిది ఎండుగానే మిగులుతుంది. అందుకే "సెల్ అంతా సమంగా తడుస్తుంది" అని ఎవరైనా చెబితే నేను నమ్మను. నీరు తనకు దొరికిన దారుల్లోనే పోతుంది. ముందుముందు సెల్‌లోకి వచ్చే చెత్తలో సంచులను చింపే ఏర్పాటు ఉండాలని నివేదికలో రాశాను. పైపుల కన్నా దానివల్లే ఎక్కువ ఫలితం ఉంటుంది.

తవ్వేటప్పుడు గ్యాస్ డిటెక్టర్ లేకుండా ఎవరూ అంచుకు వెళ్లకూడదు, కందకంలోకి దిగకూడదు, బీడీలు గేటు దగ్గరే వదిలి రావాలి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. సంపులోకి దిగడం అన్నది అసలు లేనే లేదు. పంపు పాడైతే గొలుసుతో పైకి లాగాల్సిందే. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. "వాసన లేదు కదా సార్" అన్న మాట ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట.

కంకర దగ్గర రెండు రోజుల గొడవ. కాంట్రాక్టరు తక్కువ ధరకు తాండూరు నాపరాయి ముక్కలు తెస్తానన్నాడు. పాలిషింగ్ యూనిట్ల దగ్గర గుట్టలుగా పడి ఉంటాయి, రవాణా ఖర్చు తప్ప ఏమీ కాదు. నాపరాయి అంటే సున్నపురాయి. కొత్త చెత్త లీచెట్ పుల్లగా ఉంటుంది. అది సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది, కరిగిన కాల్షియం తర్వాత ఎక్కడో పైపు చిల్లుల దగ్గర గట్టిపడి వాటిని మూసేస్తుంది. మాటలతో ఒప్పుకోలేదు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసా తెప్పించి నాపరాయి మీద రెండు చుక్కలు వేశాం, బుస్సుమని నురగ వచ్చింది. పక్కన గ్రానైట్ ముక్క మీద వేస్తే ఏమీ కాలేదు. తెలంగాణలో గ్రానైట్ క్వారీలకేం కొదవ? 40 ఎంఎం గ్రానైట్ కంకరే వచ్చింది, దుమ్ము లేకుండా కడిగించి మరీ.

కందకంలో సగం కంకర, దాని మీద 110 ఎంఎం హెచ్‌డీపీఈ చిల్లుల పైపు, మళ్లీ కంకర, పైన జియోటెక్స్‌టైల్ అనే నీరు దిగే బట్ట, మట్టి. పైపుకు మాత్రం ఆ బట్ట చుట్టనివ్వలేదు, జిగట పట్టి మొదట మూసుకుపోయేది అదే. రెండు చివరలూ పైకి తేలేలా పెట్టి మూతలు బిగించాం. రేపు పైపు కడగాలంటే దారి ఉండాలి.

మార్చి: ట్యాంకు ఎత్తు ఎందుకు మూడు మీటర్లు

పంపు ఆపరేటర్ పాతికేళ్లుగా వాటర్ వర్క్స్‌లో పనిచేసిన పెద్దమనిషి. ఆయన అడిగిందే అందరూ అడుగుతారు. "సంపులో పంపు ఉంది కదా సార్, నేరుగా కందకానికి కలిపేస్తే పోలా? మధ్యలో ఈ ట్యాంకు ఎందుకు?"

ఆయనకు బొగోటా సంగతి చెప్పాను. కొలంబియా రాజధాని బొగోటాలో దోన్యా హువానా అనే పెద్ద ల్యాండ్‌ఫిల్, అంటే చెత్త పూడ్చే స్థలం, ఉంది. అక్కడ లీచెట్‌ను ఒత్తిడితో తిరిగి చెత్తలోకి ఎక్కించేవారు. 1997 సెప్టెంబరులో సుమారు ఎనిమిది లక్షల ఘనపు మీటర్ల చెత్త ఒక్కసారిగా జారి కింది టున్హువెలో నదికి అడ్డం పడింది. చెత్త లోపల ద్రవం ఒత్తిడి పెరగడమే కారణమని దర్యాప్తు చేసిన ఇంజనీర్లు తేల్చారు. చెత్త గుట్టను నిలబెట్టేది ముక్కకూ ముక్కకూ మధ్య రాపిడి. మధ్యలో నీరు ఒత్తిడితో చేరితే ఆ ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకోవు. మన దేశంలోనూ ఢిల్లీ ఘాజీపూర్ చెత్త గుట్ట 2017 సెప్టెంబరులో కొంత కూలి ఇద్దరు చనిపోయారు. అక్కడ ఎవరూ లీచెట్ తిప్పలేదు, కానీ నిటారు వాలు, వాననీరు కలిస్తే ఏమవుతుందో చూపడానికి అది చాలు.

అందుకే పంపు ట్యాంకును నింపుతుంది, ట్యాంకు కందకాలను నింపుతుంది. ట్యాంకు అడుగు కందకం పైపు కన్నా మూడు మీటర్లే ఎత్తు. మూడు మీటర్ల నీటి నిలువు అంటే 0.3 బార్ ఒత్తిడి. ఎవరైనా రాత్రిపూట వాల్వు మరిచిపోయినా, పంపు మార్చి పెద్దది పెట్టినా, చెత్తలోకి వెళ్లే ఒత్తిడి దాదాపు అక్కడే ఆగుతుంది. మనిషి జాగ్రత్త మీద ఆధారపడే భద్రత నాకు పెద్దగా నచ్చదు. ఆపరేటర్ విని, "అంటే ఓవర్‌హెడ్ ట్యాంకే కదా సార్, నాకు తెలిసిన పనే" అన్నారు. ఆ రోజు నుంచి లాగ్‌బుక్ ఆయన చేతిలో నాకన్నా శుభ్రంగా ఉంది.

మొదటి మోతాదు: ఒక కందకానికి పది ఘనపు మీటర్లు, తర్వాత మూడు రోజుల విశ్రాంతి. అంటే రోజుకో కందకం చొప్పున వంతు తిరుగుతుంది. మధ్యలో చెత్తలో దించిన పీవీసీ గొట్టాల్లో నీటి మట్టం కొలుస్తాం. సంపులో మట్టం చూసి షీటు మీద లీచెట్ 30 సెంటీమీటర్లు దాటకుండా ఉంచుతాం. అమెరికా 1991 నిబంధనల్లో ఉన్న హద్దు ఇదే. షీటు, బంకమట్టి కలిసిన అడుగు లేని సెల్‌లో తిప్పడానికి అక్కడ అనుమతే లేదు. మన పాత డంపింగ్ యార్డులకు అడుగు షీటు ఉండదు కాబట్టి ఈ డైరీ చదివి అక్కడ ప్రయత్నించాలనుకునేవారు దయచేసి ఆగండి. లీచెట్ బయటికి దిగితే ఏమవుతుందో హైదరాబాదులో జవహర్‌నగర్ పక్కనున్న మల్కారం చెరువును చూసినవారికి చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్: పులుపు విరగడం

కొత్త చెత్త వైపు నుంచి వచ్చే లీచెట్ పీహెచ్ ఆరు లోపే. గాఢమైన పుల్లటి కంపు, బీఓడీ (నీటిలోని సేంద్రియ మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి కావలసిన ఆక్సిజన్) ఎక్కువ. చెత్త కుళ్లడంలో మొదటి దశ ఇది. ఆమ్లాలు పుట్టించే సూక్ష్మజీవులు వేగంగా పనిచేస్తాయి, వాటిని తిని మీథేన్ చేసే జీవులు నెమ్మదిగా పెరుగుతాయి. ఈ దశలో అదే పుల్లనీటిని అదే కొత్త చెత్త మీద పోస్తూ పోతే ఆమ్లం పేరుకుని మీథేన్ జీవులు లేవనే లేవవు. పులుపులోనే సెల్ ఇరుక్కుపోతుంది.

చేసినది ఇది: కొత్త వైపు నీటిని పాత వైపు కందకాల్లోకి పంపాం. పాత చెత్తలో మీథేన్ జీవులు స్థిరపడి ఉంటాయి, ఈ ఆమ్లాలు వాటికి తిండి. నెల తిరిగేసరికి పాత వైపు నుంచి దిగుతున్న నీటి పీహెచ్ ఏడు పైనే నిలిచింది, వాసన మారింది, చెత్తలోని గ్యాస్‌ను బయటికి తీసే బావి దగ్గర పీడనం పెరిగింది. అప్పుడు ఆ పాత వైపు నీటిని కొద్దికొద్దిగా కొత్త వైపుకు ఇచ్చాం, పెరుగుకు తోడు వేసే ఉద్దేశంతోనే. ఖర్చు లేని మార్పు, ఒక అదనపు పైపు, రెండు వాల్వులు. ఈ ప్రాజెక్టులో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిన వారాలు ఇవే.

మే: రోహిణి కార్తె

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, మాకు కావలసింది ఆ ఎండలే. కుంట మీద ఆవిరి రోజుకు ఎనిమిది మిల్లీమీటర్లు అనుకున్నా 1,500 చదరపు మీటర్ల కుంటలోంచి రోజుకు 12 ఘనపు మీటర్లు ఎగిరిపోతాయి. దీనికి తోడు మోతాదును కందకానికి 15 ఘనపు మీటర్లకు పెంచాం, గొట్టాల్లో మట్టం లేవలేదు. తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే పని. మధ్యాహ్నం ఎవరినీ సెల్ ఎక్కనివ్వలేదు.

రెండో కందకం మీద నేల కుంగి పళ్లెంలా గుంట పడింది. కుళ్లిన చెత్త కుదించుకుంటుంది కాబట్టి ఇది శుభవార్తే. అంతమేరకు సెల్‌లో మళ్లీ చోటు దొరుకుతుంది. కానీ ఆ గుంటను వానలకు ముందే పూడ్చి వాలు సరిచేయకపోతే అక్కడే చెరువు కడుతుంది. పూడ్చాం.

జూన్, జూలై: వాల్వులు మూసి

మృగశిర కార్తెకు ముందే నాలుగు వాల్వులూ మూసేశాం. కుంట అప్పటికి దాదాపు ఖాళీ. వర్షాకాలానికి ఖాళీ కుంటతో వెళ్లడం ఈ యార్డుకు కొత్త.

జూలైలో మూడు రోజుల ముసురు తర్వాత తూర్పు వాలు మీద, సగం ఎత్తులో, నల్లటి ఊట కనిపించింది. తిప్పడం ఆపి అప్పటికి నెల దాటింది కాబట్టి కందకాల నీరు కాదు. తవ్వి చూస్తే కారణం దొరికింది. రోజువారీ కప్పుగా వేసిన ఎర్రమట్టి, రోలర్ కింద నలిగి, చెత్త మధ్య గట్టి పలకలా పరుచుకుంది. పైనుంచి దిగిన వాననీరు దాని మీద నిలిచి, అడ్డంగా ప్రయాణించి వాలులోంచి బయటపడింది. ఊట చోట కంకర నింపి నీటిని లోపలి పైపుకు మళ్లించి, బయటి ముఖానికి బంకమట్టి కొట్టాం. అంతకన్నా ముఖ్యంగా, కొత్త పొర చెత్త వేసేముందు కింది పొర కప్పుమట్టిని పొక్లెయిన్‌తో గీరి తీసేయాలని సూపర్‌వైజర్‌కు చెప్పాం. తీసిన మట్టినే మర్నాడు మళ్లీ కప్పుకు వాడొచ్చు. డ్రైవర్ గొణిగాడు, పని పెరిగింది కాబట్టి గొణగడం న్యాయమే.

సెప్టెంబరు: ప్రయోగశాల కాగితాలు

బీఓడీ, సీఓడీ (మురికిని రసాయనాలతో ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్) రెండూ బాగా తగ్గాయి. ఈ వాక్యాన్ని కమిషనర్ గారు సమావేశంలో చదివి వినిపించారు. కింది వాక్యం చదవలేదు: అమ్మోనియా నైట్రోజన్ తగ్గలేదు, క్లోరైడ్లు కొద్దిగా పెరిగాయి.

ఇది ముందే తెలిసిన విషయం. గాలి లేని చెత్తలో అమ్మోనియా పోవడానికి దారి లేదు. ప్రొటీన్ కుళ్లే కొద్దీ ఇంకా వచ్చి చేరుతుంది, నీటితోపాటు తిరుగుతూనే ఉంటుంది. లీచెట్‌ను బయటి నీటిలోకి వదలాలంటే 2016 నియమాల ప్రకారం అమ్మోనియా నైట్రోజన్ లీటరుకు 50 మిల్లీగ్రాములు, బీఓడీ 30, సీఓడీ 250 దాటకూడదని ఉండేది. మా అమ్మోనియా ఆ హద్దుకు ఎన్నో రెట్లు పైన. కాబట్టి తిప్పడం వల్ల శుద్ధి ప్లాంటు అవసరం తీరిపోదు. ప్లాంటు పరిమాణం తగ్గుతుంది, దాని మీద సేంద్రియ భారం తగ్గుతుంది, నీరు ఎప్పుడు పంపాలో మనం నిర్ణయించుకోవచ్చు. ఆర్ఓ ప్లాంటు పెట్టి, దాని ఉప్పటి తిరస్కృత నీటిని మళ్లీ సెల్‌లోకే వదిలి "చుక్క కూడా బయటికి పోవడం లేదు" అని ప్రకటించే ప్రతిపాదన ఒకటి బల్ల మీద ఉంది. ఉప్పు ఎక్కడికీ పోదు, ఏటేటా చిక్కబడి ఆ ఆర్ఓ పొరలనే తినేస్తుంది. నేను వ్యతిరేకంగా రాశాను. అమ్మోనియా కోసం గాలి పంపే చిన్న ట్యాంకులో నైట్రేటుగా మార్చి, ఆ నైట్రేటు నీటిని పాత చెత్తలోకి పంపితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని నత్రజని వాయువుగా వదిలేస్తాయి. తిప్పే పైపులకు అసలైన ఉపయోగం అక్కడ ఉందని నా అభిప్రాయం. అంచనా తయారవుతోంది.

అక్టోబరు: మళ్లీ తెరిచే ముందు

మూడో కందకం పైపులోకి కెమెరా దించాం. లోపలి గోడకు పలుచటి గోధుమరంగు పొర, కొన్ని చిల్లుల చుట్టూ తెల్లటి పెచ్చు. అధిక పీడనపు నీటితో కడిగితే చాలావరకు ఊడింది. నాలుగో కందకం పూర్వపు వేగంతో నీరు తీసుకోవడం లేదు. దాని కింద ఎర్రమట్టి పలక ఉందేమోనని అనుమానం, చెత్తలో బోరు వేసి చూసేదాకా దాన్ని వాడం.

వాల్వులు తెరవడానికి షరతులు లాగ్‌బుక్ లోపలి అట్ట మీద అతికించాం. వరుసగా పది రోజులు వాన ఉండకూడదు. సంపులో మట్టం 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. గొట్టాల్లో మట్టం జూన్ నాటి స్థాయికి దిగాలి. తూర్పు వాలు పొడిగా ఉండాలి. ఒక్కటి తప్పినా తెరవకూడదు, ఎవరు ఫోను చేసినా సరే. ఈ చివరి మాట పంపు ఆపరేటర్ తనంతట తానే చేర్చారు. కింద ఏఈ మేడమ్ సంతకం చేశారు.

ప్రస్తుతానికి మూడు షరతులు కుదిరాయి. తూర్పు వాలు ఇంకా చెమ్మగానే ఉంది.